క్యారీ (1976): ఆ హాల్లో నిజంగా ఎంతమంది నవ్వారు?

తెరచాటు_మాధవి · శనివారం రాత్రి 11:20

(కథంతా చెప్పేస్తున్నాను. చూడనివాళ్లు చూశాక చదవండి.)

నిన్న రాత్రి మా అమ్మాయితో కలిసి ‘క్యారీ’ చూశాను. నాకు మూడోసారి, తనకి మొదటిసారి. తను పదో తరగతి. ఇది దెయ్యం సినిమా అనుకుని దిండు పట్టుకుని కూర్చుంది, సగం అయ్యేసరికి దిండు పక్కన పెట్టేసింది. భయం పోయి క్యారీ మీద జాలి పుట్టిందని మొహం చూస్తేనే తెలిసింది.

గుర్తు లేనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. క్యారీ వైట్ ఇంటర్ వయసు పిల్ల. బడిలో అందరికీ ఆటబొమ్మ. ఇంట్లో తల్లికి దేవుడి పిచ్చి. చిన్న తప్పుకీ పిల్లని చీకటి అరలో పెట్టి తాళం వేసి ప్రార్థన చెయ్యమంటుంది. తోటిపిల్ల సూ స్నెల్‌కి తను చేసినదానికి మనసు కలుక్కుమని, తన స్నేహితుడు టామీని క్యారీతో కలిసి బడి డ్యాన్సుకి వెళ్లమంటుంది. అక్కడ ఓట్లు వేసి క్యారీకి కిరీటం పెడతారు. సరిగ్గా అప్పుడే క్యారీ మీద పగబట్టిన తోటిపిల్ల క్రిస్, ఆమె స్నేహితుడు బిల్లీ తాడు లాగి, పైన దూలం మీద దాచిన బకెట్ లోంచి పంది రక్తం నెత్తిమీద గుమ్మరిస్తారు. వస్తువుల్ని మనసుతోనే కదిలించే శక్తి క్యారీకి ఉందని మనకి అప్పటికే తెలుసు. ఆ తర్వాత ఆ హాలు ఏమైందో చెప్పక్కర్లేదు.

నా ప్రశ్న రక్తం పడ్డాక వచ్చే ఆ కాసేపటి గురించే. మొదట అంతా నిశ్శబ్దం. ఖాళీ బకెట్ ఊగుతుంటుంది. క్రిస్ జట్టులోని ఎర్రటోపీ నార్మా నవ్వడం మొదలుపెడుతుంది. క్యారీ తలలో ‘వాళ్లంతా నిన్ను చూసి నవ్వుతారు’ అన్న తల్లి మాట మోగుతుంది. చిన్నప్పుడు జాతరలో రంగు గాజుముక్కల గొట్టంలోంచి చూసేవాళ్లం చూడండి, అలా తెర ముక్కలు ముక్కలై తిరుగుతుంది. ఆ ముక్కల్లో అందరూ నవ్వుతుంటారు. మిస్ కాలిన్స్ కూడా! క్యారీని కన్నకూతురిలా చూసుకున్న ఆ ఆటల టీచర్ కూడా పగలబడి నవ్వుతుంటుంది.

మా అమ్మాయి అడిగింది: ‘అమ్మా, టీచర్ ఎందుకు నవ్వింది?’

నేను జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

రెండోఆట · శనివారం రాత్రి 11:48

మాధవి గారూ, టీచర్ నవ్వలేదు. ఆ గాజుముక్కల చూపు మొదలవకముందు ఆవిడ మొహం ఒకసారి చూపిస్తారు, చూడండి. నిర్ఘాంతపోయి ఉంటుంది. చాలామంది అలాగే ఉంటారు. నార్మా నవ్వింది, నిజం. ఆమె పక్కన ఒకరిద్దరు. మిగతాదంతా క్యారీ కళ్లతో చూసింది. అందుకే ఆ షాట్లు మామూలుగా ఉండవు, తెర పగిలినట్టు ఉంటాయి. ఇది నవ్వు కాదు, ఈ పిల్లకి అలా కనబడుతోంది అని డైరెక్టర్ చెప్పడానికి అంతకన్నా ఏం చెయ్యాలి?

ఓరుగల్లు_శీను · ఆదివారం ఉదయం 6:15

రెండోఆట అన్నా, నువ్వు చెప్పింది కరెక్టే గని, ‘నవ్వలేదు’ అని గంత తేలిగ్గ ఎట్ల అంటవ్?

నాకు చిన్నప్పుడు నత్తి ఉండె. సారు లేపి పాఠం చదవమంటే మొదటి అక్షరం కాడ్నే ఆగిపోయేటోణ్ని. ఎన్క బెంచిల ఒక్కడు నవ్వేటోడు. ఒక్కడే. మిగతావాళ్లు పుస్తకంల తల పెట్టుకొని ఉండేటోళ్లేమో, నాకు తెల్వదు, నేనెన్నడు తల ఎత్తి చూడలే. నాకు మాత్రం క్లాసు మొత్తం నవ్వినట్టే వినపడేది. ఇప్పటికి ముప్పై ఏండ్లాయె, గిప్పుడు యాది జేసుకున్నా క్లాసు మొత్తం నవ్వినట్టే ఉంటది.

గా సీన్ల డైరెక్టర్ చూపించింది నిజమా, అబద్ధమా అని లెక్క తీసుడెందుకు? చూసినోనికి అదే నిజం.

తెరచాటు_మాధవి · ఆదివారం ఉదయం 8:02

శీను గారూ, పొద్దున్నే మీ మాట చదివి మా అమ్మాయికి వినిపించాను. ఏం మాట్లాడలేదు, ఇంకోసారి చదవమంది.

పాతపుస్తకం · ఆదివారం ఉదయం 9:30

ఇక్కడ నవల సంగతి కూడా చెప్పాలి. స్టీఫెన్ కింగ్‌కి అచ్చయిన మొదటి నవల ఇదే, 1974లో వచ్చింది. అప్పటికాయన అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఇంగ్లీషు మాస్టారు. భార్యా ఇద్దరు పిల్లలతో ట్రైలర్ ఇంట్లో కాపురం. మొదలుపెట్టిన మూడు పేజీలు నచ్చక చెత్తబుట్టలో పడేస్తే, భార్య టబిత తీసి, మసి దులిపి చదివి, రాయమని పట్టుబట్టింది. ఆడపిల్లల లోకం నాకేం తెలుసు అని ఆయనంటే, నేను చెబుతానందావిడ. తనతో చదువుకున్న ఇద్దరు అమ్మాయిల్ని తలుచుకుంటూ క్యారీని రాశానని ఆయనే చెప్పుకున్నాడు. ఇద్దరూ బడిలో వెలివేసినట్టు బతికినవాళ్లే. నవల మొదలుపెట్టేనాటికి ఇద్దరూ లేరు. పుస్తకానికి ముందు ఇచ్చింది 2,500 డాలర్లు. పేపర్‌బ్యాక్ హక్కులు 4 లక్షల డాలర్లకి పోయాక బడి ఉద్యోగం మానేశాడు.

అసలు విషయానికొస్తే, మాధవి గారి ప్రశ్నకి నవల్లో జవాబు వేరు. అక్కడ జనం నిజంగానే నవ్వుతారు. బతికి బయటపడ్డ నార్మా తర్వాత దాని గురించి రాస్తుంది, నవ్వకుండా ఉండలేకపోయాం అన్నట్టు. నవల్లో ఆటల టీచర్ పేరు మిస్ దెజార్డిన్, ఆవిడ చావదు. ఆ పిల్లకి సాయంగా నిలబడలేకపోయానన్న బాధతో రాజీనామా చేస్తుంది. సినిమాలో స్క్రీన్‌ప్లే రాసిన లారెన్స్ డి. కోహెన్, డైరెక్టర్ బ్రయాన్ డి పామా కలిసి ఇదంతా తిరగేశారు. జనం నవ్వలేదు, క్యారీకి నవ్వినట్టు కనబడింది. టీచర్ బతకలేదు. నవలకన్నా సినిమా ఎక్కువ బాధపెట్టేది అందుకేనని నా అభిప్రాయం. నవ్వినవాళ్ల మీద పగ తీర్చుకుంటే మనం ఎలాగో సర్దిచెప్పుకుంటాం. చేయిపట్టి నడిపించిన మనిషిని కూడా ఆ నవ్వు గుంపులో కలిపేసుకుంటే ఏం చెప్పుకుంటాం?

నిజాంపేట_వంశీ · ఆదివారం ఉదయం 10:11

అందరూ క్యారీ వైపే మాట్లాడుతున్నారు. ఆ హాల్లో ఏ పాపం తెలియనివాళ్లు ఎంతమంది చచ్చిపోయారో ఎవరూ అడగరేం? డ్యాన్సుకొచ్చి చప్పట్లు కొట్టినవాళ్లు వాళ్లు. తలుపులు మూసి నిప్పంటించింది క్యారీ. బాధ పడినంతమాత్రాన ఏం చేసినా ఒప్పేనా?

రెండోఆట · ఆదివారం ఉదయం 10:25

ఒప్పని ఎవరన్నారు బ్రో? సినిమా కూడా అనలేదు.

సుధారాణి_టీచర్ · ఆదివారం మధ్యాహ్నం 1:40

నేను ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. వంశీ గారి ప్రశ్న మంచిదే. దానికన్నా ముందు, మిస్ కాలిన్స్ గురించి మాధవి గారు ‘కన్నకూతురిలా’ అన్నారు, అక్కడ ఒక్కమాట.

సినిమా మొదట్లో స్నానాల గది సీన్ మళ్లీ చూడండి. క్యారీకి మొదటి నెలసరి వస్తుంది. అదేంటో తెలియదు. చచ్చిపోతున్నాననుకుని, తడి ఒంటితో, రక్తం చేతులతో పిల్లల్ని సాయం అడుగుతుంది. వాళ్లు ప్యాడ్లు విసిరి, అరిచి, మూల కూర్చునేదాకా తరుముతారు. అప్పుడు లోపలికొచ్చిన మిస్ కాలిన్స్ మొదట చేసిందేమిటి? క్యారీ చెంప మీద కొట్టింది. ఆ తర్వాతే దగ్గరికి తీసుకుంది. ప్రిన్సిపాల్ గదిలో తనే ఒప్పుకుంటుంది, ఆ పిల్లల కసి నాకూ అర్థమైంది, నాక్కూడా ఆమెని పట్టుకుని కుదిపెయ్యాలనిపించిందని. ఆ ప్రిన్సిపాలేమో ఎన్నిసార్లు చెప్పినా క్యారీని ‘క్యాసీ’ అనే పిలుస్తాడు. తెలుగు పిల్ల అయితే ఏ పద్మనో పట్టుకుని పదే పదే పద్మిని అన్నట్టు. పిల్ల అరుస్తుంది, బల్లమీద బూడిద పళ్లెం ఎగిరి పడుతుంది.

కవిత చదివే క్లాసు కూడా చూడండి. టామీ పేరుమీద మాస్టారు కవిత చదువుతాడు. ‘అందంగా ఉంది’ అంటుంది క్యారీ, అదీ గొంతు పెగలక. ఆమె మాటని వెక్కిరించింది మాస్టారు! క్లాసు నవ్వింది ఆయన వెక్కిరించాకే. టామీ ఒక్కడే ఆయన్ని లోలోపల తిట్టుకుంటాడు.

అందుకే చివర్లో ఆ పిల్లకి టీచర్ నవ్వుతున్నట్టు కనబడితే నాకు ఆశ్చర్యం లేదు. మిస్ కాలిన్స్ మంచి మనిషే. పిల్లల్ని ఎండలో వ్యాయామం చేయించి శిక్షించింది, ఎదురుతిరిగిన క్రిస్‌ని చెంపదెబ్బ కొట్టింది, డ్యాన్సుకి రానివ్వలేదు. న్యాయం చేశాననుకుంది. క్రిస్ పగ అక్కడ పుట్టింది. ఆఖరికి తాడుని కనిపెట్టి హెచ్చరించబోయిన సూని, అల్లరి చెయ్యడానికొచ్చిందనుకుని మెడపట్టి బయటికి నెట్టి తలుపు వేసింది కూడా ఆవిడే. క్లాసులో నేనూ ఇలా తొందరపడి ఒకరి బదులు ఇంకొకర్ని బయటికి పంపిన రోజులున్నాయి. అందుకే ఆ తలుపు దగ్గర నాకు ఊపిరాడదు.

గుంటూరు_పద్మజ · ఆదివారం మధ్యాహ్నం 3:05

సుధారాణి గారు స్నానాల గది మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. మగవాళ్లు చాలామంది ఆ సీన్ దాటేసి డ్యాన్సు సీన్ గురించే మాట్లాడతారు. నాకు అసలు భయం అక్కడే.

మా ఇళ్లల్లో పిల్ల పెద్దమనిషి అయితే వీధి వీధంతా పిలుస్తాం. తాటాకు చాప వేస్తాం, చిమ్మిలి తినిపిస్తాం, పట్టుపరికిణీ కట్టి ఫొటోలు తీస్తాం. కానీ అది రావడానికి ఒక్కరోజు ముందు కూడా ‘ఇలా అవుతుందమ్మా’ అని నాకు ఎవ్వరూ చెప్పలేదు. నేను ఆ రోజు పెరట్లో దాక్కుని ఏదో జబ్బొచ్చింది, చచ్చిపోతున్నానని ఏడ్చాను. క్యారీ తల్లిది పాపం అనే మౌనం. మా అమ్మది సిగ్గు అనే మౌనం. పిల్లకి మాత్రం రెండూ ఒకటే. మా అమ్మ ఆ రోజు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒళ్లో పెట్టుకుంది, తేడా అంతే. క్యారీ తల్లి పుస్తకంతో నెత్తిమీద కొట్టింది.

ఇక ఇంకో సంగతి. డ్యాన్సు రోజు క్యారీ తన చేత్తో కుట్టుకున్న గౌను వేసుకుంటుంది. లేత గులాబీ రంగు. తల్లి చూసి, ఎరుపు, ఎరుపే అయ్యుంటుందని నాకు తెలుసు అంటుంది. ‘గులాబీ రంగు అమ్మా’ అంటుంది క్యారీ. ఎంత మెల్లగా అంటుందో! కళ్లెదుట గులాబీ రంగు ఉంటే ఎరుపు చూసిందా తల్లి. ఆ రాత్రే కూతురు, ఎదురుగా నిర్ఘాంతపోయిన మొహం ఉంటే నవ్వు చూసింది. మాధవీ, మీ అమ్మాయికి నేనైతే ఇదే చెబుతాను. టీచర్ నవ్వలేదు, క్యారీ ఆ నిమిషంలో తల్లి కళ్లతో చూసింది. పదహారేళ్లు ఇంట్లో పెట్టుకుని నేర్పిన చూపు అది.

తెరచాటు_మాధవి · ఆదివారం మధ్యాహ్నం 3:31

పద్మజక్కా, గౌను రంగు మాట మూడుసార్లు విన్నాను, ఇలా కలిపి ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత గౌను నిజంగానే ఎర్రబడుతుంది కదా. తల్లి అన్నమాటే జరిగినట్టయింది.

తల్లిగా వేసిన పైపర్ లారీ 1961 తర్వాత పదిహేనేళ్లకి మళ్లీ సినిమాల్లోకొచ్చింది ఈ పాత్రతోనే. స్క్రిప్టు చదివి ఇది వెటకారంగా తీస్తారేమో అనుకుందట మొదట. ఆవిడకీ, క్యారీగా వేసిన సిస్సీ స్పేసెక్‌కీ ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. దెయ్యాల సినిమాలకి అది మామూలు విషయం కాదు.

కూర్పుబల్ల · ఆదివారం సాయంత్రం 6:50

చూపు గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు గనుక, ఆ చూపుని ఎలా కట్టారో కూడా చెప్పుకుందాం. నేను ఎడిటింగ్‌లో పనిచేస్తాను, ఈ సినిమా కూర్పు చేసిన పాల్ హిర్ష్ పని చూసి నేర్చుకున్నది చాలా ఉంది.

టామీ, క్యారీ డ్యాన్సు చేసే షాట్. వాళ్లిద్దర్నీ తిరిగే బల్లమీద నిలబెట్టి ఒకవైపు తిప్పుతూ, కెమెరాని వాళ్ల చుట్టూ రెండోవైపు తిప్పారు. మొదట హాయిగా ఉంటుంది, వేగం పెరుగుతూ పెరుగుతూ కళ్లు తిరుగుతాయి. ఆ పిల్ల జీవితంలో మొదటి సంతోషం అది. అందులోనే ఇది నిలవదు అన్న భయం కలిపేశాడు.

తర్వాత వేదిక మీదకి నడిచే దృశ్యం. అంతా స్లోమోషన్. సూ కళ్లు తాడు వెంట పోతాయి, తాడు దూలం మీదకి, దూలం మీద బకెట్. క్రిస్, బిల్లీ వేదిక కింద. అక్కడ మాటల్లేవు, పీనో డొనాజియో సంగీతం ఒక్కటే. నిజానికి ఈ సినిమాకి బెర్నార్డ్ హెర్మన్ సంగీతం ఇవ్వాల్సింది, 1975 డిసెంబరులో ఆయన పోయారు. క్యారీ శక్తి బయటికొచ్చినప్పుడల్లా వినబడే ఆ కీచుమనే వయొలిన్లు హెర్మన్ పాత సంగీతాన్ని గుర్తుచేసేవే.

రక్తం పడ్డాక మాత్రం తెరని రెండుగా చీల్చాడు. ఒకవైపు క్యారీ కళ్లు, రెండోవైపు ఆ కళ్లు చేస్తున్న పని. నాకు అక్కడ కొంచెం ఎక్కువైందనిపిస్తుంది. క్యారీతో కలిసి ఉన్నవాణ్ని ఒక్కసారిగా ఆవలికి జరిగి చూస్తున్నట్టవుతుంది. అంతకుముందు ఆ గాజుముక్కల చూపే చాలు. క్యారీ నీళ్ల గొట్టాన్ని జనం మీదికి తిప్పే సీన్‌లో మాత్రం నటన కాదు, నార్మాగా వేసిన పి.జె. సోల్స్ కర్ణభేరి ఆ ధాటికి నిజంగానే పగిలింది.

డల్లాస్_కిరణ్ · ఆదివారం రాత్రి 8:15

ఇక్కడ మా పెద్దమ్మాయి పోయినేడు బడి డ్యాన్సుకి, అదే ప్రామ్‌కి వెళ్లింది. గౌను కొనడం, ఎవరితో వెళ్లాలి అన్న చర్చ, ఎవరూ అడగకపోతే ఏమిటన్న దిగులు, రెండు నెలలు ఇల్లంతా అదే గోల. బయటివాళ్లకి మామూలు పార్టీ అనిపిస్తుంది. పిల్లలకి అది తమని నలుగురిలో కలుపుకున్నారా లేదా అని తేలిపోయే రోజు. క్యారీకి ఆ పిలుపు ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది.

వంశీ గారికి ఒకమాట. ఆ ఓట్లు దొంగ ఓట్లు. నార్మా చీటీలు మార్చేసింది. అంటే కిరీటం అబద్ధం. కానీ పేర్లు చదవగానే హాలంతా లేచి కొట్టిన చప్పట్లు నిజం, వాళ్లకి కుట్ర తెలియదు. ఆ కాసేపు వాళ్లు క్యారీని మనస్ఫూర్తిగా తమలో కలుపుకున్నారు. తనకి దక్కిన ఒకే ఒక్క నిజాన్ని క్యారీ చేజేతులా కాల్చేసుకుంది. మీరన్న ‘పాపం తెలియనివాళ్లు’ వాళ్లే. అందుకే మీ బాధా, మా బాధా ఒకటే అంటాను.

నిజాంపేట_వంశీ · ఆదివారం రాత్రి 10:40

కిరణ్ అన్నా, అలా ఆలోచించలేదు. ఇప్పుడే ఆ పావుగంట మళ్లీ చూశాను. చప్పట్ల దగ్గర ఆపేశాను, ముందుకెళ్లబుద్ధి కాలేదు.

ఓరుగల్లు_శీను · సోమవారం ఉదయం 6:05

నేను మొత్తం చూసిన రాత్రి. ఒక్క ముచ్చట ఎవ్వరు చెప్పలే. అంత అయినంక క్యారీ ఇంటికొస్తది. తానం జేసి, రక్తం కడుక్కొని తల్లి కాడికి పోతది. మస్తు బాధగ ఉందమ్మా, నన్ను చూసి నవ్విండ్రు అంటది. కాల్చిన అనదు, చంపిన అనదు. నవ్విండ్రు అంటది. తల్లి దగ్గరికి తీసుకుంటది, తీసుకొని ఎన్కకెల్లి వీపుల కత్తి దించుతది.

నవ్వలేదు బిడ్డా అని చెప్పెటోళ్లు ఒక్కరు మిగల్లే. నేను కూడ ఇంటికొచ్చి మా అమ్మకు గదే చెప్పేటోణ్ని. క్లాసంత నవ్విండ్రమ్మా అని. మా అమ్మకు సదువు రాదు. ‘అంత మంది నవ్విండ్రా, లెక్కవెట్టినవా’ అనేది. నాకు కోపమొచ్చేది. ఎన్నడు లెక్కవెట్టలే నేను.

కొత్తసభ్యుడు_87 · సోమవారం మధ్యాహ్నం 12:30

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. చివర్లో సూ పూలు తెస్తే క్యారీ సమాధిలోంచి ఆ చెయ్యి బయటికొస్తుంది కదా, నేను కుర్చీలోంచి లేచిపోయాను. అది ఎవరి చెయ్యి? డూపా?

కూర్పుబల్ల · సోమవారం మధ్యాహ్నం 12:52

సిస్సీ స్పేసెక్ సొంత చెయ్యే. వేరేవాళ్ల చెయ్యి పెడతామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఈ సినిమాకి కళాదర్శకుడు జాక్ ఫిస్క్ ఆవిడ భర్త. ఆయనే స్వయంగా ఆవిడని మట్టికింద పెట్టెలో పెట్టి పూడ్చారు. సూ నడిచొచ్చే షాట్‌ని వెనక్కి నడిపించి తీసి, తిరగేసి వేశారు. వెనకాల రోడ్డుమీద కారు చూడండి, వెనక్కి పోతుంటుంది. కల అని మనకి తెలియకముందే ఏదో తేడాగా అనిపించేది అందుకే.

తెరచాటు_మాధవి · సోమవారం రాత్రి 9:18

మా అమ్మాయి ఇవాళ ఇదంతా కూర్చుని చదివింది. చదివి, ఆ చెయ్యి పట్టుకున్నది సూని కదా, పూలు తెచ్చింది ఆమె ఒక్కతే కదా అంది. అవునన్నాను. మరి మొదటిరోజు స్నానాల గదిలో విసిరినవాళ్లలో సూ కూడా ఉంది కదమ్మా అంది.

ఉంది. డ్యాన్సు రోజు కాపాడబోయినదీ ఆమే. ఆ కల కూడా ఆమెదే.

ఓరుగల్లు_శీను · సోమవారం రాత్రి 9:40

అక్కా, బిడ్డ మంచిగ చూసింది. సూ నిద్రల ఒర్రుకుంట లేస్తది గద, తల్లి గట్టిగ పట్టుకుంటది. గా తల్లిగ వేసినామె సూగ వేసిన ఏమీ ఇర్వింగ్‌కు నిజంగనే కన్నతల్లి అంట. ఎంత పట్టుకున్నా ఆ పిల్ల ఒర్రుడు మాత్రం ఆగది.